పైన పెట్టే కామాతో నా మూడు నెలలు

ఇంగ్లండ్‌లో ఉండే ఒకావిడ తన భర్త చనిపోయారని, ఆయన పేరు మీదున్న ఖాతా మూసేయాలని మా మెయిల్ డెస్క్‌కి రాసింది. అది 2025 జూలై 3. ఇలాంటి వాటికి ఆఫీసులో టెంప్లేట్ ఉంటుంది కానీ, మొదటి రెండు వాక్యాలు మాత్రం మనమే రాయాలి. నేను నిజంగానే మనసు పెట్టి, రెండుసార్లు చెరిపి, మళ్ళీ రాసి పంపాను. “సారీ ఫర్ యువర్ లాస్” అని రాశాననే అనుకున్నాను. వెళ్ళింది మాత్రం “సారీ ఫర్ యూ’ర్ లాస్”, మధ్యలో పైన పెట్టే కామాతో, అంటే అపాస్ట్రఫీతో. ఆ కామా పెడితే అది “యూ ఆర్” అయిపోతుంది. పైకి చదివితే రెండూ దాదాపు ఒకటే. కంటితో చదివేవాళ్ళకి “మీరు నష్టం అయినందుకు విచారిస్తున్నాం” అన్నట్టు ఉంటుంది.

ఆవిడ కోప్పడలేదు. మర్నాడు అడిగిన కాగితాలు పంపి, చివర ఒక్క ముక్క రాసింది: మీ రెండో వాక్యం పంపే ముందు ఒకసారి చూసుకుని ఉండాల్సింది అని. తిట్టినా బాగుండేది. ఆ రాత్రి క్యాబ్‌లో కూకట్‌పల్లి వచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నాను.

నా గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే ఇంత చిన్న చుక్కకి ఇంత గొడవేంటి అనిపిస్తుంది. నాకు 38 ఏళ్ళు. తెనాలి దగ్గర పల్లెటూళ్ళో పదో తరగతి దాకా తెలుగు మీడియం. పెళ్ళయ్యాక హైదరాబాద్. పాప పుట్టాక ఉద్యోగం మానేసి, చాలా ఏళ్ళ తర్వాత జూన్ 9న మళ్ళీ చేరాను. యూకే షిఫ్ట్, మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి రాత్రి పదిన్నర దాకా. మూడు నెలలు ప్రొబేషన్. మాట్లాడే పని కాదు, రాసే పని కాబట్టి నాకు తేలిక అనుకున్నాను. యాస గొడవ ఉండదు కదా అని. సరిగ్గా అక్కడే దెబ్బ తగిలింది.

మెయిల్స్ ఆడిట్ చేసి మార్కులు రావడానికి ఆరు పనిరోజులు పడుతుంది. ఆ ఆరు రోజులూ ఏదో పరీక్ష రాసిన పిల్లలా టెన్షన్. జూలై 11న వచ్చింది: 61. ఉండాల్సింది 85. మా టీమ్ లీడ్ నాకన్నా పదేళ్ళు చిన్నవాడు. “మేడమ్, ఒకసారి మీటింగ్ రూమ్‌లోకి వస్తారా” అని పిలిచి, పది మెయిల్స్ ప్రింట్లు ముందు పెట్టాడు. ఎర్ర గీతలు 23 ఉన్నాయి. అందులో 17 ఈ పైన పెట్టే కామావే. ఉండాల్సిన చోట లేకపోవడం, అక్కర్లేని చోట ఉండటం. బడిలో మేమెవరం దాన్ని అపాస్ట్రఫీ అనలేదు, “పైన కామా” అనే అనేవాళ్ళం. మిగతా ఇంగ్లిష్ బాగుందన్నాడు. “సెప్టెంబర్ ఆడిట్‌లో 85 దాటితే కన్ఫర్మ్ అవుతుంది మేడమ్. ప్రొబేషన్ ఒక నెల పొడిగించమని నేనే రాస్తాను” అన్నాడు. అది సాయమే. అప్పుడు మాత్రం అవమానంలా అనిపించింది.

ఇంటికొచ్చి కూర్చుని ఆ 17 చూశాను. ఇరవై ఏళ్ళుగా నేను “డిడ్’న్ట్” అని రాస్తున్నానని అప్పుడే తెలిసింది. డిడ్ అయిపోగానే కామా పెట్టి, తర్వాత ఎన్, టి. చేయాల్సింది అది కాదు. నాట్ అనే మాటలో ఓ రాలిపోయింది కాబట్టి, ఆ ఓ ఉన్న చోటే, ఎన్‌కీ టీకీ మధ్య పెట్టాలి. ఇన్నేళ్ళలో ఎవ్వరూ చెప్పలేదు. చెప్పేవాళ్ళూ అలాగే రాసేవాళ్ళేమో.

జూలై 13, ఆదివారం. మావారితో ఆబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల దగ్గరికి వెళ్ళి ఒక పాత గ్రామర్ పుస్తకం 120 రూపాయలకి కొన్నాను. ఎవరో అమ్మాయి పెన్సిల్‌తో జవాబులన్నీ రాసేసింది, అందుకే ఆ ధర. మర్నాడు ఆవేశంలో ఒక ఆన్‌లైన్ కోర్సుకి 1,999 కట్టేశాను. నలభై వీడియోలు. ఏడు చూశాను. చూస్తున్నంతసేపూ అంతా తెలిసినట్టే ఉండేది. కీబోర్డు ముందు కూర్చుంటే మళ్ళీ మామూలే. ఏడు రోజుల్లోపు నచ్చకపోతే డబ్బు వాపసు అన్నారు. నాకు ఆ సంగతి ఎనిమిదో రోజు గుర్తొచ్చింది.

నాకు అర్థమైంది ఇది. మనం తెలుగు రాసేటప్పుడు చెవి మీద ఆధారపడతాం. ఎలా పలుకుతామో అలా రాస్తాం, మహా అయితే ఒత్తు దగ్గర తడబడతాం. ఈ గుర్తుకి శబ్దం లేదు. “ఇట్స్” అన్నా “ఇట్’స్” అన్నా నోట్లో ఒకటే. వీడియోలో టీచర్ ఎంత బాగా చెప్పినా అది చెవిలోకే పోతుంది. ఇది చేతికి రావాలి, చేతికి రావాలంటే రోజూ రాయాలి. వేరే దారి కనపడలేదు.

రోజూ రాయాలి అనుకోవడం తేలికే. జూలై 15 నుంచి తెల్లవారుజామున ఐదింటికి అలారం పెట్టుకున్నాను. రాత్రి పదకొండున్నరకి ఇల్లు చేరి, తిని, పడుకునేసరికి ఒంటిగంట దాటేది. ఐదింటికి లేచి ఏం రాస్తాను? మొదటి మూడు రోజులూ పేజీ నిండా రాశాను. నాలుగో రోజు నాలుగు లైన్లు. ఎనిమిదో రోజు నోటుపుస్తకం మీదే నిద్రపోయాను, బుగ్గ మీద సిరా అంటింది. పాప చూసి పడీపడీ నవ్వింది. తొమ్మిదో రోజు పేజీలో తారీఖు తప్ప ఏమీ లేదు. అక్కడితో ఆ ప్రయత్నం అయిపోయింది.

జూలై 24న అనుకోకుండా కుదిరింది. పొద్దున పదకొండున్నరకి కుక్కర్ పెట్టి, విజిల్ కోసం వంటింట్లోనే నిలబడి ఉన్నాను. ఆ టైమ్‌లో మామూలుగా ఫోన్ చూస్తాను. ఆ రోజు ఫోన్ చార్జింగ్‌లో ఉంది. గట్టు మీద పాప రఫ్ నోట్స్ ఉంటే తీసి, నిలబడే రాయడం మొదలుపెట్టాను. పప్పుకి నాలుగు విజిల్స్. అవి వచ్చేలోపు ముప్పావు పేజీ అయింది. అంతే. మర్నాడు నుంచి నోటుపుస్తకం పోపుల డబ్బా పక్కనే పెట్టాను. 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ 75 రూపాయలు, ఆకుపచ్చ జెల్ పెన్ను 10. రెండు వేల కోర్సు చేయలేని పని ఈ 85 రూపాయలు చేశాయి. మొదటి పది పేజీల మీద పసుపు మరకలు ఇప్పటికీ ఉన్నాయి.

ఏం రాయాలి అన్నది పెద్ద సమస్య కాలేదు. నిన్న జరిగింది రాసేదాన్ని. అపార్ట్‌మెంట్‌లో నీళ్ళ ట్యాంకర్ గొడవ, పాప మార్కులు, ఆడపడుచు ఫోన్. కానీ నేనొక నియమం పెట్టుకున్నాను: రాసిన రోజు దిద్దకూడదు. మర్నాడు కుక్కర్ పెట్టాక మొదటి విజిల్ వచ్చేలోపు నిన్నటి పేజీ ఆకుపచ్చ పెన్నుతో దిద్ది, తర్వాత కొత్త పేజీ. అదే రోజు దిద్దితే తప్పు కనపడదు, మనసులో ఉన్నదే కంటికి కనపడుతుంది. ఒక రాత్రి గడిస్తే అది ఎవరో రాసినట్టు ఉంటుంది. పేజీ మూలన తప్పుల లెక్క వేసేదాన్ని. మొదటి వారం మొత్తం 41.

దిద్దడానికి నా పద్ధతి మొరటుగా ఉంటుంది. గుర్తు ఉన్న ప్రతి మాటనీ విప్పి పైకి చదవడమే. “యూ’ర్” కనపడితే “యూ ఆర్” అని, “ఇట్’స్” కనపడితే “ఇట్ ఈజ్” అని గట్టిగా అనాలి. “ది బ్యాంక్ చేంజ్డ్ ఇట్ ఈజ్ రూల్స్” అని నోటితో అనగానే నాకే నవ్వొచ్చేది, గుర్తు కొట్టేసేదాన్ని. వంటింట్లో ఇలా ఒక్కదాన్నే అరుచుకుంటుంటే పనిమనిషి లక్ష్యపెట్టడం మానేసింది.

ఇంతా చేసినా ఒక చిక్కు మాత్రం వదల్లేదు. సొంతానికి గుర్తు పెట్టాలంటారు కదా, రాముడి పుస్తకం అంటే “రామ్’స్ బుక్”. మరి “దాని తోక” అన్నప్పుడు “ఇట్స్ టెయిల్”కి ఎందుకు పెట్టకూడదు? పుస్తకంలో కారణం లేదు, పెట్టకూడదు అని మాత్రం ఉంది. దీన్ని విప్పింది మా పాప. తొమ్మిదో తరగతి. “అమ్మా, హిజ్‌కి పెడతావా?” అంది. లేదు. “హర్స్, యువర్స్, థెయిర్స్?” వాటికీ లేదు. “మరి దానికెందుకు పెడతావు? అదీ ఆ కుటుంబమే కదా.” ఇంత తేలిగ్గా తేలిపోయింది. ఇప్పటికీ అనుమానం వస్తే మనసులో “హిజ్” పెట్టి చూసుకుంటాను. “హిజ్” కుదిరిన చోట పైన కామా ఉండదు.

ఇంకోటి నాన్న చెప్పారు. ఆగస్టు 3, ఆదివారం ఫోన్‌లో మాట్లాడుతూ నా గోడు వెళ్ళబోసుకున్నాను. నాన్న పంచాయతీ ఆఫీసులో గుమస్తాగా చేసి రిటైరయ్యారు, ఇంగ్లిష్ పెద్దగా రాదు, పొద్దున్నే స్తోత్రాల పుస్తకం చదువుతారు. “తల్లీ, శివోఽహం అని అచ్చులో చూశావా? ఓకారం తర్వాత ఎస్ లాంటి గుర్తు ఒకటి ఉంటుందే” అన్నారు. చూశాను, చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను, అదేదో అలంకారం అనుకున్నాను. “దాన్ని అవగ్రహం అంటారమ్మా. శివః, అహం కలిస్తే అహంలో అకారం పోయింది. పోయిందని చెప్పడానికే ఆ గుర్తు. పలకడానికి కాదు.” నేను ఫోన్ పట్టుకుని అలాగే ఉండిపోయాను. మా ఆఫీసు వాళ్ళు మూడు వారాలుగా నాకు చెప్పాలని చూస్తున్నది ఇదే కదా. తెలుగులో మనం “ఏమి అంటావు”ని “ఏమంటావు” చేసేస్తాం, రాలిపోయిన ఇకారానికి ఏ గుర్తూ పెట్టం. అందుకే మనకి ఆ అలవాటు లేదు. మన పాత పుస్తకాల్లో “వాఁడు” అని అరసున్న కూడా, పూర్తిగా పలకని సున్నకి గుర్తుగా ఉండేది. దాన్నీ వదిలేశాం. ఆ రోజు నుంచి “డోన్ట్”, “కాన్ట్” లాంటి మాటల్లో నాకు తప్పు రాలేదంటే నమ్మండి. ఏ అక్షరం పోయిందో దాని సమాధి మీద దీపంలా పెట్టేస్తున్నాను.

ఇదంతా సాఫీగా సాగలేదు. ఆగస్టు 8న వరలక్ష్మీ వ్రతం, ఆ రోజు పెన్ను ముట్టుకోలేదు. ఆగస్టు 22న రెండో ఆడిట్ మార్కులు వచ్చాయి: 74. పెరిగిందని సంతోషించాలో, చాలలేదని ఏడవాలో తెలియలేదు. నాలుగు రోజుల్లో వినాయక చవితికి తెనాలి వెళ్ళాం, 26 నుంచి 30 దాకా ఐదు రోజులు. నోటుపుస్తకం బ్యాగ్‌లోనే ఉంది, తీయలేదు. అక్కడ కుక్కర్ మా అమ్మ పెడుతుంది కదా! తిరిగొచ్చాక పుస్తకం తెరవాలంటే సిగ్గేసింది. ఇక అయిపోయింది, నాకు ఏదీ నిలవదు అని మావారితో అంటే ఆయన ఏమీ అనలేదు. పాపే ఫోన్‌లో వెతికి చదివింది. లండన్‌లో యూనివర్సిటీ కాలేజ్ వాళ్ళు 96 మందిని గమనించారట, ఒక పని అలవాటు కావడానికి సగటున 66 రోజులు పట్టిందట, ఒక్కొక్కరికి 18 నుంచి 254 రోజుల దాకా తేడా వచ్చిందట, మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్దగా నష్టం లేదట. “నీది ఐదు రోజులనుకో” అని నవ్వింది. అందరూ 21 రోజులు అంటుంటే విని, 21 దాటినా నాకు రావట్లేదేంటి అని లోపల్లోపల కుమిలిపోతున్నాను. 254 అని వినగానే ప్రాణం లేచొచ్చింది. సెప్టెంబర్ 1న మళ్ళీ కుక్కర్ పెట్టాను.

ఈ మధ్యలో కళ్ళు కొత్తగా తెరుచుకోవడం అంటే ఏంటో తెలిసింది. క్యాబ్‌లో వెళ్తుంటే బోర్డులన్నీ పచ్చ పెన్నుతో దిద్దాలనిపించేది. “టిఫిన్’స్”, “మీల్’స్”. ఒకటి కన్నా ఎక్కువ ఉంటే చాలు, ఎస్ ముందు కామా పెట్టేస్తాం. ఇడ్లీలు ఎన్ని ఉన్నా వాటికి సొంత ఆస్తి ఏమీ లేదు, కామా అక్కర్లేదు. నా సెలవు చీటీల్లో మాత్రం కావాలట. రెండు రోజుల సెలవు అంటే “టూ డేస్’ లీవ్”, ఎస్ తర్వాత. ఒక రోజైతే “వన్ డే’స్ లీవ్”, ఎస్ ముందు. సెలవు రోజులదే అన్నమాట. మనం కూడా “రెండు రోజుల సెలవు” అని షష్ఠీ విభక్తిలోనే అంటాం కదా అని తర్వాత వెలిగింది. గడియారం చూసి “ఫైవ్ ఓ’క్లాక్” అంటామే, అందులోనూ “ఆఫ్ ది క్లాక్” నలిగిపోయి ఉంది. నేను దాన్ని ఊరికే అలా రాయాలేమో అనుకునేదాన్ని.

ఎస్‌తో అయిపోయే పేర్ల దగ్గర మాత్రం ఎవరి దారి వాళ్ళది. “శ్రీనివాస్ గారి మెయిల్” అనడానికి కొందరు కామా పెట్టి ఇంకో ఎస్ పెడతారు, కొందరు ఊరికే కామాతో ఆపుతారు. రెండూ చెల్లుతాయి. ఏదో ఒకటి పట్టుకుని మార్చకుండా ఉండాలంతే. మా ట్రైనర్ “మనది ఏపీ స్టైల్” అంటే నేను ఆంధ్రప్రదేశ్‌కి వేరే ఇంగ్లిష్ ఉందేమో అని ఒక్క క్షణం గర్వపడ్డాను. ఏపీ అంటే అసోసియేటెడ్ ప్రెస్ అట. వాళ్ళు పేర్లకి ఊరికే కామాతో ఆపుతారు.

ఫోన్‌ని నమ్మకండి. సెప్టెంబర్ రెండో వారంలో పాపకి జ్వరం, నాలుగు రోజులు నేను రాయలేదు. టీమ్ లీడ్‌కి “మై డాటర్ ఈజ్ ఇల్” అని మెసేజ్ పెడితే ఫోన్ దాన్ని “ఐ’ల్” చేసి పంపింది. కంప్యూటర్ కూడా అంతే. “ఇట్స్”, “ఇట్’స్” రెండూ సరైన మాటలే కాబట్టి స్పెల్లింగ్ చెక్ ఎర్ర గీత వేయదు. ఎర్ర గీత లేదంటే తప్పు లేదు అనుకునేదాన్ని.

అసలు గండం సెప్టెంబర్ 19న. చివరి ఆడిట్. 81 అని వచ్చింది. నాలుగు మార్కులు తక్కువ. బాత్రూమ్‌లోకి వెళ్ళి కాసేపు నిలబడ్డాను. తర్వాత వచ్చి ఒక్కో మెయిల్ తెరిచి చూస్తే, మూడు మెయిల్స్‌లో నేను రాయనివి ఏవో ఉన్నాయి. “డోన్ట్”లో కామా ఉండాల్సిన చోట టోపీ పెట్టుకున్న ఇంగ్లిష్ “ఏ” అక్షరం, దాని పక్కన యూరో గుర్తు, ఆ పక్కన చిన్న టీఎమ్. ఆడిటర్ వాటిని స్పెల్లింగ్ తప్పులుగా వేశారు. ఐటీ అబ్బాయిని పిలిస్తే చూసి నవ్వాడు. “మేడమ్, వర్డ్‌లో టైప్ చేసి మన టూల్‌లో పేస్ట్ చేశారా?” అవును, తప్పులు పడకుండా జాగ్రత్త కోసమే అలా చేశాను. వర్డ్ తనంతట తనే వంకర కామా పెడుతుందట. దాన్ని మా పాత టూల్ చదవలేక మూడు ముక్కలు చేసి మూడు అక్షరాలుగా చూపిస్తుందట. నోట్‌ప్యాడ్‌లో టైప్ చేస్తే నిటారు కామా వస్తుంది, ఆ గొడవ లేదు. మూడు నెలలు తపస్సు చేసి కామా నేర్చుకుంటే, అది కామాగా ఉండటం కూడా నా చేతిలో లేదన్నమాట.

సెప్టెంబర్ 22, సోమవారం రిబటల్ పెట్టాను, అంటే మార్కులు మళ్ళీ చూడమని రాశాను, స్క్రీన్‌షాట్లు జత చేసి. మళ్ళీ ఎదురుచూపు. ఆ నాలుగు పనిరోజుల్లో నేను రాసిన పేజీల్లో ఒక్క విషయమే ఉంది, చదివితే జాలేస్తుంది. కానీ రాశాను. అప్పటికి కుక్కర్ మూత పెట్టగానే చెయ్యి దానంతట అదే పోపుల డబ్బా పక్కకి వెళ్తోంది. ఆ వారం పేజీల మూలల్లో లెక్క మొత్తం 4. ఐదింటికి లేచి బుగ్గకి సిరా అంటించుకున్న రోజుల్లో ఒక పేజీకే అంతకన్నా ఎక్కువ ఉండేవి.

26వ తారీఖు సాయంత్రం మార్చిన స్కోర్ వచ్చింది: 88.

జూలై 24 నుంచి కన్ఫర్మేషన్ లెటర్ చేతికొచ్చిన అక్టోబర్ 13 దాకా 82 రోజులు. రాసింది 68. రాయని 14లో పండగలు, జ్వరం తీసేస్తే మూడు రోజులు ఊరికే, బద్ధకం. రెండో నోటుపుస్తకం సగంలో ఉంది. ఇంగ్లండ్ ఆవిడ ఖాతా ఆగస్టులోనే మూసేశారు. చివరి మెయిల్ వేరేవాళ్ళు పంపారు. ఆవిడకి సారీ చెప్పే అవకాశం నాకు రాలేదు. నోటుపుస్తకంలో మాత్రం ఒక రోజు ఆవిడకి పేజీ రాసి, మర్నాడు దిద్దాను. తప్పులు సున్నా.

ఆ కన్ఫర్మేషన్ లెటర్ టీమ్ లీడ్ టేబుల్ దగ్గరే నిలబడి చదివాను. రెండు పేజీలు. రెండో పేజీలో, ఉద్యోగం మానాలంటే ఒక నెల నోటీసు ఇవ్వాలి అని ఉంది. “వన్ మంత్స్ నోటీస్”. ఎస్ ముందు కామా లేదు. వేలు పెట్టి చూపించాను. అతను వంగి చూశాడు, నన్ను చూశాడు.

“మేడమ్, ముందు సంతకం పెట్టండి.”

పెట్టాను. ఇంటికొచ్చాక నా కాపీలో ఆకుపచ్చ పెన్నుతో ఆ కామా పెట్టి ఫైల్లో దాచుకున్నాను.